హేతువును దెలుపు నాలుగు మాటలు

ఆంగ్లము నేర్చు మనవారికి ‘బికాజ్’, ‘సిన్స్’, ‘యాజ్’, ‘ఫర్’ అను నాలుగు మాటలు చిక్కు గలిగించుచుండును. నాలుగింటికిని ‘కనుక’ యనియో ‘ఏలయన’ యనియో యర్థము చెప్పి యూరకుందుము. ఇంగ్లీషు బోధించుచు వీని భేదమును నేను గమనించిన విధమును చదువరులకు మనవి చేసెదను.

‘ఏల?’ అని యడిగినవానికి సూటిగా బదులు చెప్పునది ‘బికాజ్’. వినువా డెఱుగని కారణమును దెలుపుట కిదియే తగినది. కారణము తెలిసినదే యైనను, అంత ముఖ్యము కాకున్నను ‘యాజ్’, ‘సిన్స్’ అనునవి సాధారణముగా వాక్యారంభమున వచ్చును. మన విద్యార్థులు సెలవుచీటిని ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని మొదలుపెట్టుట యెల్ల రెఱిగినదే. అచ్చట జ్వరము పీఠిక, సెలవు ప్రధానము. ‘నిన్న నేల రాలేదు?’ అని యుపాధ్యాయు డడిగినచో నదే జ్వరమును ‘బికాజ్’తో జెప్పవలయును. ‘సిన్స్’ మాటకు తొలియర్థము ‘తరువాత’ అనియే. కావున ‘సిన్స్ హీ లెఫ్ట్’ అన్నచో, అతడు వెళ్లినది మొదలనియా, వెళ్లినందుననియా యని యొక్కొక్కచో సందేహము పుట్టును. అట్టి యెడ కారణమునకు ‘బికాజ్’ మేలు.

ఇక ‘ఫర్’. ఇది సంభాషణమున నరుదు, వ్రాతయందే కానవచ్చును. ముందొక మాట చెప్పి, అట్లు చెప్పుటకు మనకు గల యాధారమును దీనితో జూపుదుము. ‘రాత్రి వాన కురిసినది, ఏలయన నేల తడిసియున్నది’ అనుచోట ‘ఫర్’ తగును. ‘బికాజ్’ వ్రాసినచో తడినేలయే వానను గురిపించినట్లు తోచును. వాన తడికి కారణము; తడి మన యూహకు ఆధారము. మన ‘కనుక’ రెంటికిని చెల్లును గాన నీ భేదము మనకు సులభముగా గోచరింపదు.

ఇది వ్యాకరణమునకు మాత్రమే చెందిన విషయము కాదు. ఒకమాఱు మా తరగతిలో నొక బాలుని కలము పోయినది. తోడివారు వేఱొక బాలుని జూపి, ‘వీడు తలవంచుకొని యున్నాడు కనుక వీడే తీసెను’ అనిరి. తలవంపు వారి యనుమానమున కాధారమే గాని దొంగతనమునకు రుజువు కాదు. మెల్లగా విచారింపగా, ఆ యుదయమున వాడు అన్నము తినకయే బడికి వచ్చెనని తెలిసినది. సాయంకాలము గది యూడ్చునప్పుడు కలము బల్లక్రింద దొరకినది.

బాలబాలికలారా, ఒకరినిగూర్చి ‘ఏలయన’ అని పలుకుటకు ముందు, చెప్పబోవునది జరిగినదానికి కారణమా, మన నమ్మికకు ఆధారమా యని ప్రశ్నించుకొనుడు. ఆధారము చాలనిచోట మాట నాపుటయే మేలు.