కాలికి తగిన క్రాంకు

యంత్రము మనిషి సుఖము కొరకు పుట్టినదని మనమందరము నమ్ముతాము. కాని ఆచరణలో చాలమారు మనిషియే యంత్రమునకు లొంగి, దాని కొలతలకు తన ఒడలిని వంచుకొంటాడు. చెప్పు చిన్నదైనదని కాలు కోసుకొన్నవానిని చూచి నవ్వుతాము. సైకిలు కొలత సరిపడక మోకాలు నొప్పించుకొన్నవానిని చూచి మాత్రము, "వయసు మీద పడుతున్నది" అని ఓదార్చుతాము. ముప్పది ఆరేండ్ల ప్రాయములోనే ఆ ఓదార్పు వినవలసివచ్చిన వారము మేము.

మేము కర్నూలు పాతబస్తీ వాసులము. మా ఇంటికి, పని చేయు కళాశాలకు నడుమ ఏడు కిలోమీటర్ల దూరము. అందులో కడపటి రెండు కిలోమీటర్లు ఎగుడు. పెట్రోలు ఖర్చుకు వెరచి, వాయిదాల మీద ఒక విద్యుత్ సైకిలు కొన్నాము. లావు టైర్లు, ముందు స్ప్రింగు ఫోర్కు, వెనుక చక్రములో 250 వాట్ల మోటారు గల కొండదారి సైకిలది. ఆదివారము జగన్నాథగట్టు మట్టిదారులలో తిరుగుటకు కూడ పనికివచ్చినది. మూడు నెలలు సుఖముగా గడిచినవి. నాలుగవ నెలలో మోకాలి చిప్ప వెనుక సన్నని నొప్పి మొదలైనది. క్రమముగా అది మెట్లు దిగునప్పుడు, దస్తర్‌ఖాను ముందు నేలపై కూర్చొనునప్పుడు కూడ బాధింపసాగినది. వైద్యులు పరీక్షించి, కీలులో రోగమేమియు లేదనియు, మోకాలు మితిమీరి మడచుట తగ్గింపుమనియు చెప్పినారు. ఇంటివారు సైకిలు అమ్మి స్కూటరు కొనుమన్నారు. వాయిదాలింకను తీరలేదు. జీతములో మరొక వాయిదాకు చోటు లేదు.

మోకాలు ఎంత మడగవలెనన్నది సైకిలులో రెండు కొలతలపై ఆధారపడుతుంది. ఒకటి సీటు ఎత్తు, రెండవది క్రాంకు పొడవు. ఇరుసు నుండి పెడలు వరకు ఉండు చేతినే క్రాంకు అంటారు. సీటు తక్కువగా ఉన్నచో పెడలు పైకి వచ్చినపుడు మోకాలు అధికముగా మడగుతుంది. కనుక మొదట సీటు పెంచినాము. నొప్పి కొంత తగ్గినది గాని, పెడలు క్రిందికి పోయినపుడు కాలు చాలక నడుము ఇటునటు ఊగసాగినది. సీటు దించితే పైన బాధ, పెంచితే క్రింద బాధ. లోపము సీటులో లేదనియు, పెడలు తిరుగు వలయమే మా కాలికి పెద్దదనియు అప్పుడు బోధపడినది. మా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళములు. క్రాంకు పొడవు 170 మిల్లీమీటర్లు.

పెద్దలకు అమ్ము సైకిళ్ళలో సాధారణముగా కనిపించు కొలతలు 165 నుండి 175 మి.మీ. వరకు మాత్రమే. ఐదడుగులవానికిని ఆరడుగులవానికిని ఇంచుమించు అదే క్రాంకు. విచిత్రమేమనగా, 1860 దశకములో పారిస్‌లో తయారైన మిషో వారి తొలి పెడలు బండ్లలో క్రాంకునకు పొడవాటి గాడి ఉండేది. ఎక్కువాని కాలిని బట్టి పెడలును ఆ గాడిలో ముందుకో వెనుకకో జరిపి బిగించుకొనేవారు. నూటయేబది యేండ్లకు పూర్వమే ఉన్న ఆ సౌకర్యమును తరువాతి కాలము మరచినది.

క్రాంకు పొట్టిదైతే బలము తగ్గుతుందని లోకము నమ్మిక. దీనిని 2001లో మార్టిన్, స్పిర్డూసో అను అమెరికా పరిశోధకులు పరీక్షించి ప్రకటించినారు. 120 మి.మీ. నుండి 220 మి.మీ. వరకు అయిదు పొడవుల క్రాంకులతో తొక్కించి చూడగా, గరిష్ఠ శక్తిలో వచ్చిన భేదము నూటికి నాలుగు పాళ్ళు మాత్రమే. 145కు 170కి నడుమ చెప్పుకోదగిన భేదమే లేదు. 2024లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన తదేయ్ పొగాచర్ ఆ యేడు 165 మి.మీ. క్రాంకులకు మారినాడు. కొండదారుల విద్యుత్ సైకిళ్ళవారికి పొట్టి క్రాంకుతో మరొక లాభము కూడ ఉన్నది. తొక్కుట ఆపితే మోటారు సాయము ఆగుతుంది. కనుక రాళ్ళ నడుమ కూడ ఆపకుండ తొక్కవలెను. పొడుగు క్రాంకుల పెడలు అప్పుడు రాతికి తగిలి మనిషిని పడవేస్తుంది. అందుచేత విదేశములలో అట్టి సైకిళ్ళు పెక్కు 165, 160 మి.మీ. కొలతలతోనే వస్తున్నవి.

దిగుమతి అయిన పొట్టి క్రాంకుల జత ధర విచారింపగా మా కోరిక అక్కడనే చల్లారినది. అప్పుడు పాతబస్తీలో మేము చిన్నటినుండి ఎరిగిన సైకిలు మేస్త్రీని ఆశ్రయించినాము. ఆయన మా మాట విని, "సార్, నలభై ఏండ్లుగా ఈ పని చేస్తున్నాను. పొడుగు వేయమన్నవారే గాని పొట్టిది వేయమన్నవారిని చూడలేదు. ఎగుడులో మీరు దిగి నెట్టుకోవలసి వస్తుంది" అన్నాడు. ఆ శంక న్యాయమైనదే. చేయి పొట్టిదైతే అదే పనికి ఎక్కువ బరువుతో నొక్కవలెను గదా! ఆయన కొట్టులో వ్రేలాడుచున్న పిల్లల గేరు సైకిలు క్రాంకు జతను దింపించి చూచినాము. పొడవు 152 మి.మీ., దాని చక్రమునకు 38 పళ్ళు. మా సైకిలుకు ఉన్నది 170 మి.మీ., 42 పళ్ళు.

అక్కడనే కాగితముపై లెక్క వేసినాము. 42ను 170చే భాగిస్తే 0.247. 38ని 152చే భాగిస్తే 0.250. పాదము వేయవలసిన భారము ఈ నిష్పత్తిని బట్టి ఉంటుంది కనుక, భేదము నూటికి ఒకటి పైచిలుకు మాత్రమే. క్రాంకు ఎంత తగ్గినదో, పళ్ళు ఇంచుమించు అంత తగ్గినవి. అదే వేగమునకు కాళ్ళు నూటికి పది చుట్లు ఎక్కువ తిరుగవలెను గాని, ప్రతి చుట్టు చిన్నది కనుక పాదము నడక వేగము మారదు. మేస్త్రీ కాగితము వంక చూచి, "కాగితము మీద సరే సార్, గట్టు మీద చూద్దాము" అన్నాడు.

విద్యార్థులలో ఎవరైన ఈ పనికి పూనుకొన్నచో ఉపయోగపడునని వివరము వ్రాస్తున్నాము. మొదట బ్యాటరీ తీసివేయవలెను. పాత క్రాంకును సుత్తితో కొట్టక, పుల్లరు అను మరపనిముట్టుతో లాగవలెను. ఇరుసు కొన నలుపలకలుగా ఉన్నదా, కొత్త క్రాంకు రంధ్రము దానికి సరిపోవునా అని చూచుకొనవలెను. ఎడమ పెడలు మర ఎదురు దిక్కున తిరుగుతుంది. తొక్కుడుకు అది ఊడిపోకుండ ఉండుటకే ఈ ఏర్పాటు. విమానము కనిపెట్టిన రైట్ సోదరులు 1900లో తమ సైకిళ్ళ గొప్పగా దీనిని చాటుకొన్నారు. మా వంటి చౌక విద్యుత్ సైకిళ్ళలో ఇరుసుపై అయస్కాంతముల బిళ్ళ ఒకటి ఉంటుంది. కాళ్ళు తిరుగుచున్నవని మోటారునకు తెలుపునది అదే. దానిని తలక్రిందులు చేయక, పక్కనున్న సెన్సారుకు మునుపటి ఎడముననే నిలుపవలెను. చక్రము చిన్నదైనందున గొలుసులో రెండు లంకెలు తగ్గించినాము. బోల్టులు గట్టిగా బిగించి, మొదటి ప్రయాణము కాగానే మరల సరిచూచినాము. వదులైన క్రాంకుతో తొక్కితే దాని రంధ్రము చెడి ఇక బిగియదు. క్రాంకు జత, పుల్లరు, మేస్త్రీ కూలి అన్నియు కలిపి పన్నెండు వందల రూపాయలు దాటలేదు.

క్రాంకు 18 మి.మీ. తగ్గినది కనుక సీటు అంతే పెంచినాము. దానితో పైభాగమున పాదమునకు నడుమునకు మధ్య 36 మి.మీ. చోటు పెరిగినది. అంగుళమున్నరకు కొంచెము తక్కువ. ఆ కొంచెమే మోకాలికి కావలసినది. మొదటి వారము పిల్లల సైకిలు తొక్కుచున్నట్లు తోచినది. నెలలోపల నొప్పి తగ్గుముఖము పట్టినది. మూడవ నెలకు మెట్లు దిగునప్పుడు గోడ పట్టుకొను అలవాటు పోయినది. గట్టు మీది ఎగుడు కూడ దిగకుండనే ఎక్కినాము.

ఈ సంగతి మాతోనే ముగిసినచో ఇన్ని పుటలు నింపవలసిన పని లేదు. మా అక్క కూతురు ఇంటర్మీడియట్ చదువుచున్నది. ఐదడుగులకు తక్కువ. మోకాళ్ళ నొప్పులని సైకిలు మాని, ఆటో దొరకని నాడు తరగతులు పోగొట్టుకొంటున్నది. "ఆడపిల్ల, బలము చాలదు" అని ఇంటిల్లిపాదియు తీర్మానించినారు. ఆమె సైకిలు క్రాంకులు కొలిచి చూడగా ఇంచుమించు మావంటివే. అది కాటరు పిన్నుల రకము. పిల్లల సైకిలు క్రాంకులు దానికి ఇంకను చౌకగా దొరికినవి. ఈ మారు మేస్త్రీ వాదింపలేదు, తానే టేపు తీసి అమ్మాయి కాలు కొలిచినాడు. ఇప్పుడామె ఆటో కొరకు నిలబడుట లేదు.

మోకాలి నొప్పికెల్ల క్రాంకే కారణమని మా అభిప్రాయము కాదు. వైద్యుని సలహా ముందు, సీటు సవరణ తరువాత, క్రాంకు ఆ తరువాతనే. కాని విద్యార్థులారా, ఒక పని మీకు చేతకాలేదని నలుగురు నిర్ణయించినపుడు, ఆ నిర్ణయమునకు తల వంచుటకు ముందు ఒకమారు పనిముట్టు కొలత చూడుడు. అది మిమ్ము దృష్టిలో నుంచుకొని చేసినది కాకపోవచ్చును. మార్చుటకు ఒక పానా, కొంత గ్రీజు, ఒక కాగితపు లెక్క చాలునేమో!