మైపాడు తీరాన పీచుమిఠాయి

పిల్లలూ! నెల్లూరు నుంచి తూర్పుగా, ఇందుకూరుపేట మీదుగా సుమారు పాతిక కిలోమీటర్లు పోతే మైపాడు వస్తుంది. దారి పొడవునా వరిచేలు, కొబ్బరిచెట్లు, రొయ్యల గుంటలు కనిపిస్తాయి. తరువాత నేల ఇసుకగా మారుతుంది, గాలిలో ఉప్పు వాసన తగులుతుంది. ఆ పైన సముద్రమే. కార్తీక పున్నమినాడు స్నానాలకు వచ్చే జనంతో ఆ ఒడ్డున కాలు పెట్టడానికి చోటుండదు.

స్నానం పెద్దల సంగతి. మీ చూపు ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు. గెడకర్రకు గులాబిరంగు సంచులు వేలాడగట్టుకొని, గంట వాయించుకుంటూ ఒక మనిషి వస్తాడు. పీచుమిఠాయి! నేను బడిపిల్లలను వెంటబెట్టుకొని ఎన్నోసార్లు అక్కడికి వెళ్ళాను. అలల దగ్గర నుంచి వాళ్ళను వెనక్కు రప్పించడానికి నా ఈల కన్నా ఆ గంటే బాగా పనిచేసేది.

పీచుమిఠాయిని చేసేటప్పుడు మీరెప్పుడైనా దగ్గరగా చూచారా? వెడల్పాటి పళ్ళెం నడుమ ఒక చిన్న గిన్నె, దాని కింద మంట ఉంటాయి. గిన్నెలో చెంచాడు చక్కెర పోస్తారు. దాదాపు 186 డిగ్రీల వేడికి చక్కెర కరిగి పాకమవుతుంది. అప్పుడు గిన్నె బొంగరంలా గిరగిర తిరుగుతుంది. తడిగుడ్డను గట్టిగా తిప్పితే నీటి చుక్కలు బయటికి చిమ్ముతాయి కదా! అలాగే పాకం గిన్నె అంచున ఉన్న సన్నని రంధ్రాల గుండా బయటికి చిమ్ముతుంది. చల్లగాలి తగలగానే వెంట్రుక కన్నా సన్నని పోగులై గట్టిపడుతుంది. ఆ పోగులను పుల్లకు చుట్టి ఇస్తారు. మీ తలకాయంత ఉండే ఆ మిఠాయిలో ఉన్నది రెండు మూడు చెంచాల చక్కెరే. మిగిలినదంతా గాలి. డబ్బిచ్చి గాలి కొన్నామా అని మీ నాన్నగారు అంటే తప్పు పట్టకండి.

ఈ యంత్రాన్ని కనిపెట్టినది ఎవరో చెబితే మీరు నవ్వుతారు. అమెరికాలోని నాష్‌విల్ పట్టణంలో 1897లో విలియం మారిసన్, జాన్ వార్టన్ అనే ఇద్దరు కలిసి దీనిని తయారుచేశారు. వార్టన్ మిఠాయిల వర్తకుడు. మారిసన్ మాత్రం పళ్ళ డాక్టరు! 1904లో సెయింట్ లూయీ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో వారు దీనిని పెట్టెల్లో పెట్టి, పెట్టె 25 సెంట్ల చొప్పున 68,655 పెట్టెలు అమ్మారు. మొత్తం ఎంత వచ్చిందో మీరే లెక్క కట్టుకోండి.

యంత్రం లేకుండా, చేతితోనే పోగులు తీసే విద్య అంతకు చాలా ముందు నుంచీ ఉంది. మన సోన్‌పాపిడి అలా చేసేదే. చీనాలో పాకపు ముద్దను కడియంలా చేసి, పిండి అద్దుతూ లాగి, మడిచి, మళ్ళీ లాగుతారు. ఒక మడతకు రెండు పోగులు, రెండో మడతకు నాలుగు, మూడో మడతకు ఎనిమిది. పద్నాలుగు మడతలు వేస్తే 16,384 పోగులు! రెండో ఎక్కం వచ్చినవాళ్ళెవరైనా సరిచూచుకోవచ్చు. వాళ్ళు దానిని 'డ్రాగన్ గడ్డం' అంటారు. ఫ్రాన్సు పిల్లలకు మన పీచుమిఠాయి 'నాన్న గడ్డం', హిందీవారికి 'ముసలమ్మ జుట్టు'.

ఇంగ్లీషులో మిఠాయిని 'క్యాండీ' అంటారే, అది మన 'ఖండ' శబ్దమే. ఖండమంటే ముక్క. మన కండచక్కెరలో ఉన్నదీ అదే. ఆ మాట పారశీకుల, అరబ్బుల నోళ్ళలో పడి ఐరోపా చేరింది. 'షుగర్' కూడా మన 'శర్కర' నుంచి పుట్టినదే. శర్కర అంటే మొదట గులకరాయి, గరుకు ఇసుక అని అర్థం. మైపాడు ఇసుకను చేతిలోకి తీసుకుంటే ఆ పేరు ఎందుకు పెట్టారో తెలుస్తుంది.

ఇక ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఒకసారి మాతో వచ్చిన అయిదో తరగతి పిల్ల తన మిఠాయి సగం తిని, మిగతా సగం ఇంటి దగ్గర ఉన్న తమ్ముడి కోసం కాగితంలో పొట్లం కట్టుకున్నది. బస్సు నెల్లూరు చేరాక విప్పి చూస్తే, రేగిపండంత జిగురు ముద్ద మిగిలింది. పక్కవాళ్ళు తినేశారేమోనని ఏడ్చింది. ఎవరూ తినలేదు, గాలి చేసిన పని అది. మామూలు చక్కెర పలుకులో అణువులు ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా వరుసగా ఉంటాయి. పాకం ఒక్కసారిగా చల్లబడితే వరుస కట్టే వ్యవధి ఉండదు, ఎక్కడివక్కడ గట్టిపడిపోతాయి. కిటికీ అద్దం కూడా ఇలాంటిదే. అటువంటి చక్కెరకు తేమ అంటే మహా ఇష్టం. సముద్రపు గాలిలోని తేమను పీల్చుకొని పోగులు ఒకదానికొకటి అతుక్కొని కుంగిపోతాయి. అందుకే అమ్మేవారు వెంటనే సంచిలో పెట్టి మూతి బిగిస్తారు. ఈ సంగతి ముందే చెప్పనందుకు నాకు ఇప్పటికీ బాధే. ఆ పిల్ల తమ్ముడికి ఒట్టి చేతులతో వెళ్ళింది.

ఇంకొకటి కూడా పిల్లలకు ముందే చెప్పవలసింది. చక్కెర తెలుపు గదా, పీచుమిఠాయికి గులాబిరంగు ఎక్కడిది? కలిపినదే. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలోనూ, వెంటనే తమిళనాడులోనూ మిఠాయిని పరీక్షించగా అందులో రోడమిన్-బి అనే రంగు బయటపడింది. అది పట్టుకూ కాగితానికీ వేసే రంగు. తరచు కడుపులోకి పోతే కాలేయానికి చెరుపని, కాన్సరు కూడా రావచ్చునని అంటారు. మన చట్టం దానిని తిండిలో కలపనివ్వదు. ఆ రెండు ప్రభుత్వాలూ అటువంటి మిఠాయి అమ్మకాన్ని నిషేధించాయి. ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న ఎర్రరంగులు వేరే ఉన్నాయి, వాటికీ హద్దు ఉంది. ఏది ఏ రంగో కంటితో చూచి చెప్పడం నా వల్ల కాదు, మీ వల్లా కాదు. ప్రయోగశాలలోనే తేలుతుంది.

పోయిన కార్తీకంలో మైపాడులో మిఠాయి చేస్తున్న ఒకతనిని అడిగాను, "నాయనా, రంగు లేకుండా చెయ్యరాదా?" అని.

"చెయ్యొచ్చు అయ్యవారూ, రంగు ఖర్చు మిగులుద్ది గూడా. కానీ తెల్లది తెస్తే పిల్లకాయలు దూదనుకొని మొహం తిప్పుకుంటారు," అన్నాడు.

ఆ మాట నిజమే. అతని తప్పెంతో, ఎర్రదే కావాలని మారాం చేసేవాళ్ళ తప్పూ అంతే. "ఒక్కటి తెల్లది చెయ్యి, నేను కొంటాను," అన్నాను. గిన్నె కడిగి, ఒట్టి చక్కెర పోసి తిప్పాడు. మబ్బు తునకలా తెల్లగా వచ్చింది. చుట్టూ చేరిన పిల్లలు వింతగా చూచారు. వారికి హిందీవారి పేరు చెప్పాను. ఒక బుడతడు నా తలకేసి, మిఠాయికేసి మార్చి మార్చి చూచి, "మాక్కూడా ముసలమ్మ జుట్టు కావాలి!" అని అరిచాడు. ఆ సాయంత్రం అతను మరో తొమ్మిది తెల్లవి చేసి అమ్మాడు.