సముద్రాలు దాటిన సాకే

జపాన్ దేశానికి వెళ్ళిన యాత్రికులు సాధారణంగా క్యోటో దేవాలయాలను, ఫుజి పర్వతాన్ని, బుల్లెట్ రైలును చూసి తృప్తిపడి తిరిగి వస్తుంటారు. ఆ దేశ ప్రజల ఓర్పును, నేర్పును తెలుసుకోగోరేవారు మాత్రం కోబె, నిషినోమియా నగరాల తీరం వెంబడి విస్తరించిన నాదా సీమను కూడా చూడవలసి ఉంటుంది. ఒసాకా నుంచి పడమరగా రైలులో సుమారు అరగంట ప్రయాణం. ఒకవైపు రొక్కో పర్వతశ్రేణి, మరొకవైపు సముద్రం, నడుమ ఇరుకైన నేల. పూర్వం ఐదు గ్రామాలుగా ఉండిన ఈ సీమయే బియ్యపు మద్యమైన సాకేకు జపాన్‌లో ప్రధాన కేంద్రం. మద్యాన్ని ప్రశంసించడం మా ఉద్దేశం కాదు; ఒక ప్రాచీన వృత్తి నేడు ఏ దారిన సాగుతున్నదో పాఠకులతో పంచుకోవడమే మా ఆశయం.

జపాన్ భాషలో 'సాకే' అంటే ఏ మద్యమైనా కావచ్చు. బియ్యంతో చేసినదానిని ప్రత్యేకించి 'నిహొంషు' అంటారు. దంపిన కొద్దీ, తవుడు పోయిన కొద్దీ బియ్యం తెల్లబడుతుందని మన ఇండ్లలో ఎరుగనివారు లేరు. ఇక్కడివారు అంతటితో ఆగరు. 'గింజో' రకానికి గింజలో 60 శాతం, 'దైగింజో' రకానికి 50 శాతం, లేదా అంతకన్నా తక్కువ మిగిలేదాకా బియ్యాన్ని అరగదీస్తారు. ఆ బియ్యాన్ని కడిగి, నానబెట్టి, ఆవిరిపై ఉడికించి, కొంత భాగంపై 'కోజి' అనే బూజును పెంచుతారు. తొట్టిలో ఆ బూజు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తూ ఉండగానే, ఈస్టు ఆ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. రెండు క్రియలూ ఏకకాలంలో జరగడమే ఇందులోని విశేషం.

నాదా కీర్తికి మూలం నీరు. యమామురా తజాయెమోన్ అనే వ్యాపారికి ఉవొజాకిలో ఒకటి, నిషినోమియాలో ఒకటి సాకే కర్మాగారాలు ఉండేవి. రెండవచోటి సాకే ఎప్పుడూ మెరుగ్గా ఉండేది. ఆయన బియ్యం మార్చి చూశాడు, పనివారిని మార్చి చూశాడు, ఫలితం మారలేదు. చివరకు 1840లో నిషినోమియా బావినీటిని ఉవొజాకికి తెప్పించి వాడగా రహస్యం బయటపడింది. ఇనుము అత్యల్పంగా, ఇతర ఖనిజాలు సమృద్ధిగా ఉన్న ఆ నీటినే 'మియమిజు' అంటారు. ఒక్కొక్క కారణాన్నే మార్చి పరీక్షించిన ఆ పద్ధతి కర్మాగారాలలో పనిచేసే మనవంటివారికి ఎంతో ఆత్మీయంగా తోస్తుంది.

ఈ సీమ కష్టాలు చూడకపోలేదు. 1995 జనవరి 17న సంభవించిన భూకంపంలో ఎన్నో పాత కొయ్య కట్టడాలు నేలమట్టమయ్యాయి. వాటిని తిరిగి కట్టుకోగలిగారు గాని, తరిగిపోతున్న ఆదరణను నిలుపుకోవడం కష్టమైంది. 1970లలో శిఖరానికి చేరిన సాకే వినియోగం నేడు స్వదేశంలో అందులో మూడవ వంతుకు కూడా లేదు. యువతరం ఇతర పానీయాలవైపు మళ్ళింది. చలికాలంలో పొలం పనులు ముగించుకుని తంబా కొండప్రాంతం నుంచి ఇక్కడికి వచ్చే నిపుణుల సంఖ్య కూడా తగ్గిపోయింది.

సరిగా ఇదే కాలంలో విదేశాలలో ఆదరణ పెరగడం గమనార్హం. ఒకప్పుడు పాశ్చాత్యులకు సాకే అంటే జపనీయ భోజనశాలలలో వేడిచేసి ఇచ్చే చౌక పానీయమే. సువాసన గల గింజోను చల్లగా రుచి చూసిన తరువాత ఆ అభిప్రాయం మారింది. లండన్‌లో జరిగే అంతర్జాతీయ వైన్ పోటీలో 2007 నుంచి సాకేకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. 2013లో జపాన్ ఆహార సంప్రదాయానికి, 2024 డిసెంబరులో కోజితో సాకే తయారుచేసే విద్యకు యునెస్కో గుర్తింపు లభించింది. 2022లో ఎగుమతుల విలువ సుమారు 4,750 కోట్ల యెన్లకు చేరింది. మరుసటి సంవత్సరం కొంత తగ్గింది. చైనా, అమెరికాలు ప్రధాన కొనుగోలుదారులు. యమగుచి ప్రాంతపు 'దస్సాయి' సంస్థ 2023లో న్యూయార్క్ రాష్ట్రంలోనే కర్మాగారం తెరిచింది. అయితే 2015లో ఏర్పడిన నిబంధన ప్రకారం జపాన్‌లో పండిన బియ్యంతో, జపాన్‌లోనే చేసినదానికి మాత్రమే 'నిహొంషు' అనే పేరు చెల్లుతుంది.

ఈ కీర్తి ఇంటి లోటును పూడ్చగలదా? పరిమాణంలో చూస్తే ఎగుమతులు స్వదేశ వినియోగంలో పదవ వంతు కూడా లేవు. పైగా విదేశీయులు కోరేది ఎక్కువగా ఖరీదైన రకాలను. రైతులు, కూలీలు రాత్రి భోజనంతో తీసుకునే సాధారణ సాకేను తరతరాలుగా చేస్తూ వచ్చిన చిన్న సంస్థలకు ఆ బజారు అందుబాటులో లేదు.

కొత్త సాకే సిద్ధమైనప్పుడు కర్మాగారపు చూరుకు దేవదారు జాతి ఆకులతో కట్టిన పచ్చని గుండును వేలాడదీయడం ఆచారం. నెలలు గడిచేకొద్దీ అది గోధుమవర్ణానికి తిరుగుతుంది. లోపలి సాకే పక్వానికి వస్తున్నదని దారిన పోయేవారు దానిని చూసి గ్రహిస్తారు. పరదేశపు మెచ్చుకోలు ఆ వృత్తికి బలాన్ని ఇవ్వవచ్చు. కాని ఆ గుండు రంగును చదవగలిగినవారు ఆ వీధిలోనే ఉండాలి.