సర్వర్‌ని సిమ్‌లో పెట్టేదెవరు?

రాత్రి రెండు గంటలు. మాదాపూర్ అద్దాల మేడల్లో కొన్ని అంతస్తుల్లో అమెరికా షిఫ్టు నడుస్తుంటుంది. మిగతావి చీకటి. సీట్లు ఖాళీ, క్యాంటీన్ బంద్. కానీ తాళం వేసిన ఏసీ గదిలో సర్వర్ల హోరు మాత్రం ఆగదు.

సర్వర్ అంటే బ్రహ్మపదార్థమేం కాదు. పదిమందికీ ఒకేసారి పనిచేసిపెట్టే పెద్ద కంప్యూటర్, అంతే. పని లేనప్పుడు అది కరెంటు తాగదనుకుంటాం. తిరకాసంతా అక్కడే ఉంది. గూగుల్ ఇంజినీర్లు లూయిజ్ ఆండ్రే బరోసో, ఉర్స్ హోల్జ్‌లే 2007లో ఒక పరిశోధనా పత్రం రాశారు. ఐదు వేలకు పైగా సర్వర్లను ఆరు నెలలు గమనించి చూస్తే, అవి ఎక్కువసేపు 10 నుంచి 50 శాతం పనితోనే గడిపేస్తున్నాయట! పొదుపైన సర్వర్ కూడా ఖాళీగా ఉన్నప్పుడు, పూర్తి పనిలో తాగే కరెంటులో దాదాపు సగం తాగేస్తోందని తేల్చారు. కొట్టంలో కట్టేసినా ఎద్దుకి మేత తప్పదు మరి.

ఆ తర్వాత వచ్చిన చిప్పులు చాలా మెరుగయ్యాయి. వాటికి రెండు విద్యలు తెలుసు. ఒకటి, గ్యాస్ పొయ్యిని సిమ్‌లో పెట్టినట్టు వేగాన్నీ వోల్టేజీనీ తగ్గించుకోవడం. ఇందులో ఓ తమాషా ఉంది. చిప్పు పనిచేస్తూ ఖర్చుపెట్టే కరెంటు వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి వేగం, వోల్టేజీ రెండూ ఐదో వంతు తగ్గితే ఆ ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది. రెండోది కునుకు తీయడం. పనిలేని భాగాలకు కరెంటే ఆపేసుకుంటుంది. గాఢనిద్రలోంచి లేవడానికి దానికి పట్టేది సెకనులో పదివేలో వంతు, కాస్త అటూ ఇటూ. మనం కనురెప్ప వేసేలోపు వందల సార్లు లేచి కూర్చోగలదు!

మరి ఇబ్బందేమిటి? సర్వర్ ఆన్ చేయగానే కనిపించే బయోస్ మెనూలో ఒక వరుస ఉంటుంది. 'పెర్ఫార్మెన్స్' అని పెడితే చిప్పు ఎప్పుడూ పూర్తి మంట మీదే. 'బ్యాలెన్స్‌డ్' అంటే పనిని బట్టి మంట. విండోస్ సర్వర్ మామూలుగా వచ్చేది బ్యాలెన్స్‌డ్‌లోనే. అయినా చాలాచోట్ల కొత్త మెషీన్ రాగానే మొదట చేసే పని దాన్ని 'పెర్ఫార్మెన్స్'కి మార్చేయడం. సిస్టం స్లో అయిందని ఎవరైనా ఫోన్ చేస్తే మాట పడేది ఆ కుర్రాడే కదా! కరెంటు బిల్లు వెళ్లేది ఇంకో అంతస్తుకి. బిల్లు చూసేవారికి బయోస్ తెలీదు, బయోస్ తెలిసినవాడి టేబుల్ మీదికి బిల్లు రాదు.

అతని భయం ఉత్తిదేం కాదు. షేర్ల లావాదేవీల్లాంటి చోట మైక్రోసెకన్లకీ లెక్కుంటుంది. అక్కడ పూర్తి మంటే న్యాయం. హాజరుపట్టీ సర్వర్‌కి ఆ హడావుడి దేనికి?

1998లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించినప్పుడు ఇదంతా పెద్ద విషయం కాదు. 2007లో కంట్రోల్‌ఎస్ ఇక్కడే పుట్టింది. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాల సముదాయాన్ని హైదరాబాద్‌లో తెరిచింది. ప్రపంచమంతటా డేటా సెంటర్లు 2024లో వాడిన కరెంటు, మొత్తం వాడకంలో దాదాపు ఒకటిన్నర శాతమని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. పైగా సర్వర్ తాగిన ప్రతి వాటూ చివరికి వేడే. దాన్ని బయటికి తోడాలంటే ఏసీకి మళ్లీ కరెంటు. బయట నలభై దాటే మే నెలలో అది మరీ భారం.

ఇంకో సదుపాయం ఉంది, పవర్ క్యాపింగ్. ఇన్ని వాట్లు దాటొద్దని సర్వర్‌కి గీత గీయడం. కరెంటు పోయి యూపీఎస్ మీద నడుస్తున్నప్పుడు ఆ గీతని కిందికి దించితే బ్యాటరీ మరికొన్ని నిమిషాలు వస్తుంది. జనరేటర్ మొరాయించిన రాత్రి ఆ నిమిషాల విలువ డ్యూటీలో ఉన్నవాడినే అడగాలి.