రాకాసి గుళ్లు కాదు, మనుషుల సమాధులు



పోయినవాళ్లకు అన్నం వండి పెట్టడం మన ఇళ్లలో వింతేం కాదు. కృష్ణ ఒడ్డున 2000 ఏళ్లకు ముందే పోయినవాళ్ల పక్కన కుండలు పెట్టేవాళ్లని మాత్రం బెజవాడ హాస్టల్‌కి వచ్చి చదువుకున్నాకే మాకు తెలిసింది.

నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు, 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిగాయి. అక్కడి బౌద్ధ స్తూపాల సంగతి అందరూ చెప్తారు. వాటికంటే పాతవి ఇనుప యుగం సమాధులు. చుట్టూ పెద్ద రాళ్లు, మధ్యలో గొయ్యి, అందులో ఎముకలు, ఇనుప పనిముట్లు, కుండలు. ఆ కుండలు లోపల నలుపు, బయట ఎరుపు. రంగు పూసింది కాదు. ఆవంలో కుండని బోర్లించి కాలిస్తే గాలి అందని లోపలి భాగం, మూతి నల్లబడతాయి. గాలి తగిలిన బయటి భాగం ఎర్రబడుతుంది.

ఇలాంటి పాత రాతి సమాధుల్ని తెలుగు ఊళ్లలో చాలాచోట్ల రాకాసి గుళ్లు అంటారు. రాకాసులు కుండ చేసి, కాల్చి, తమవాళ్ల పక్కన పెట్టి ఏడుస్తారా? ఎక్కడో పెరూలో, ఆండీస్ కొండల సమాధుల్లో కూడా వంటకుండలు దొరికాయి. వాళ్లూ మనుషులే.

మాలో సవరలున్నారు. వాళ్లలో దహనం అయ్యాక గువార్ చేస్తారు. పోయినవాళ్ల పేరున రాయి నిలబెట్టి, దున్నపోతుని కోసి, అన్నం పెడతారు. కొరాపుట్ వైపు గదబలు గోతర్ చేస్తారు. ఆ సమాధులవాళ్లే మన తాతలని మేం అనడం లేదు. మా మాట ఒక్కటే. క్లాసులో ‘మెగాలిథిక్ సంస్కృతి’ అంటే అందరూ నోట్సు రాసుకుంటారు. అదే రాయి మన ఊళ్లో నిలబెడితే మూఢనమ్మకం అంటారు.

ఇంకో సంగతి. లోయ మునిగేముందు అక్కడి సమాధి ఒకటి కొండ మీదికి తెచ్చి మళ్లీ కట్టారు. ఇప్పుడది ద్వీపం. మంచి పనే. మాలో గోదావరి ముంపు ఊళ్ల కోయ, కొండరెడ్డి పిల్లలు కూడా ఉన్నారు. ఇళ్లు పోతే కాలనీల్లో ఇళ్లు ఇస్తారు సరే, మా పెద్దల సమాధుల సంగతేంటి అని వాళ్లు అడిగితే మా దగ్గర జవాబు లేదు.

అందుకే ఈ సెలవుల్లో మేం ఒక పని పెట్టుకున్నాం. ఊళ్లో ఏ రాయి ఎవరి పేరున ఉంది, ఆ రోజు ఎవరు వండారు, ఏం పాడారు, పెద్దోళ్లు ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేసి రాసుకుంటాం. మీ ఊళ్లో ఆ రాయిని ఏమంటారో మీరూ కింద రాయండి. చెప్పగలిగే పెద్దోళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు.