వెంట వచ్చినవాళ్లు చెప్పే లక్షణం

ఓర్వకల్లు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్లు ముందు చెప్పేది కీళ్ల నొప్పుల సంగతే. "మోకాళ్లు పీకుతాండాయి సార్" అంటారు. నిస్సత్తువను జబ్బు కింద లెక్కెయ్యరు. ఎండలో పని చేసే ఒంటికి అది మామూలే అనుకుంటారు. మతిమరుపు మాటే ఎత్తరు. లేచి వెళ్లబోతుంటే వెంట వచ్చిన కోడలో కూతురో ఆ మాట అంటుంది. నేను దానికోసమే కాచుకుని ఉంటాను. మూడూ కలిసి ఉన్నప్పుడు మోకాలి ఎక్స్‌రే చూసి నొప్పి మాత్ర రాసి పంపితే సరిపోదు.

యాభై దాటిన ఒకామె వచ్చింది. అప్పటికే నొప్పుల మాత్రలు, బలానికని సెలైన్లు అన్నీ అయిపోయాయి. "పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతాది సార్. పిలిస్తే పలికేదానికే ఇంతసేపు" అంది కోడలు. అత్త గొంతు బొంగురు పోయి ఉంది. మలబద్ధకం, పైగా కర్నూలు ఎండల్లోనూ దుప్పటి కావాలంటుందట. కుర్చీ మీద మోకాళ్లూని నిలబడమని, మడమ వెనక సుత్తితో తట్టాను. పాదం కదిలింది గానీ, మళ్లీ యథాస్థానానికి రావడానికి తీరిగ్గా సమయం తీసుకుంది. థైరాయిడ్ బాగా తగ్గితే కండరం సడలడం ఇలాగే నెమ్మదిస్తుంది. రక్తపరీక్షలో, థైరాయిడ్ తగ్గితే పెరిగే టీఎస్‌హెచ్ చాలా ఎక్కువ వచ్చింది. థైరాక్సిన్ మొదలుపెట్టినా మొదట్లో అనుకున్నంత గుణం కనపడలేదు. అడిగితే తెలిసింది, ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి టీతో మింగేస్తోందని! థైరాక్సిన్ పరగడుపున నీళ్లతోనే వేసుకోవాలి. టీకి కనీసం అరగంట, ఐరన్, కాల్షియాలకు నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఆ ఒక్కటీ సర్దుకున్నాక మోతాదు పెంచే పని పడలేదు.

ఇంకొకాయనకూ ఆ మూడూ ఉన్నాయి, పైగా షుగరు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాడు. తిండి జొన్నరొట్టె, పప్పు. మాంసం పండగలకే, పాలు టీలో పడేన్ని. శ్రుతిదండం మోగించి కాలి బొటనవేలి మీద ఆనిస్తే "ఏం తెల్లేదు సార్" అన్నాడు. మెట్‌ఫార్మిన్ బీ12 ఒంటికి పట్టనివ్వదు. ఆ తిండిలోనూ అది తక్కువే. పరీక్షలో అదే తేలింది. ఇంజెక్షన్లతో నీరసం తగ్గింది, పేర్లు గుర్తుకు రావడం మొదలైంది. మోకాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి, ఎందుకంటే అవి వయసుకు అరిగినవి. అన్నిటినీ ఒకే జబ్బుకు కట్టేయాలని మా వైద్యులకు మహా సరదా. ఒంటికి ఆ పట్టింపు లేదు. ఒక హెచ్చరిక: రక్తం తక్కువుందని ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే హిమోగ్లోబిన్ పెరుగుతుంది గానీ, బీ12 లోపంతో నరాలు లోపల్లోపల దెబ్బతింటూనే ఉంటాయి.

ఇక చికున్‌గున్యా. 2005 చివర్లో, 2006లో అది రాష్ట్రాన్ని ఊపేసిన తీరు ఇక్కడి పెద్దవాళ్లెవరూ మరిచిపోలేదు. కరువు సీమలో దోమలేమిటని అడుగుతారు. నీళ్లు రోజూ రాని ఊళ్లో డ్రములూ తొట్లూ నింపి పెట్టుకుంటారు. ఈడిస్ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నిల్వ నీళ్లలోనే. జ్వరం వారంలో పోయినా నొప్పులు నెలలు, కొందరిలో ఏళ్లు ఉంటాయి. దాంతో ఏ కీలు నొచ్చినా నేరం చికున్‌గున్యా మీదికే పోతుంది. పొద్దున లేవగానే గంటసేపు వేళ్లు ముడవలేకపోతే, కణుపులు వాచి వారాలైనా తగ్గకపోతే రుమటాయిడ్ కీళ్లవాతం కోసం చూడాలి. ఆలస్యమైతే కీలు వంకరపోతుంది, తిరిగి రాదు. ఈలోగా పేరు లేని రంగు మాత్రలు వాడితే కొన్నాళ్లు హాయిగానే ఉంటుంది. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ముఖం ఉబ్బుతుంది, చటుక్కున ఆపితే మనిషి లేవలేనంత నీరసపడతాడు.

ఈ మధ్య అమెరికా నుంచి కొడుకులు ఫోన్ చేసి "అమ్మకు లైమ్ టెస్ట్ చేయించండి డాక్టర్ గారూ" అంటున్నారు. న్యూజెర్సీలో ఉన్నవాడికి ఆ అనుమానం సబబే. అక్కడి గడ్డిలో పిడుదు కరిస్తే వచ్చే జబ్బు అది, నీరసం, కీళ్ల వాపు దాని లక్షణాల్లోవే. వాళ్లమ్మ వేసవి అక్కడ గడిపి వచ్చి ఉంటే ఒంటి మీద గుండ్రంగా పెరిగే ఎర్ర మచ్చ వచ్చిందా అని నేనూ అడుగుతాను. ఊరు దాటని మనిషికైతే ముందు హిమోగ్లోబిన్, షుగరు, టీఎస్‌హెచ్, బీ12 చూస్తాను. అవి బాగుంటే రాత్రి గురక గట్టిగా పెడుతుందా, భర్త పోయాక సరిగ్గా తింటోందా అని కోడలిని విడిగా అడుగుతాను.