కారు ఆపుతాను, బెల్టు తీయను

చంటిబిడ్డకు ఒడిని మించిన చోటు లేదని మన నమ్మకం. ఇంట్లో, గుడిలో, పెళ్లిపందిట్లో అది నిజమే. కదిలే కారులో మాత్రం కాదు. ఈ మాట పైకి అంటే మనవాళ్లకు, ముఖ్యంగా నా ఈడు ఆడవాళ్లకు, మనసు చివుక్కుమంటుంది. ఇంతమందిని పెంచాం, ఒక్క బిడ్డను జాగ్రత్తగా పట్టుకోలేమా అంటారు. అనడంలో తప్పులేదు, అవి పిల్లల్ని ఎత్తి పెంచిన చేతులే. కాకపోతే ఇది లెక్క వేసి చూసుకోవాల్సిన సంగతి.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. బస్సు ఉన్నట్టుండి ఆగితే నిలబడ్డవాళ్లు ముందుకు తూలిపడతారని చెప్పి జడత్వం పాఠం మొదలుపెట్టేదాన్ని. అదే పాఠాన్ని మనవరాలి దగ్గరికి తెచ్చి చూడండి. బిడ్డ బరువు 10 కిలోలు. కారు వేగం గంటకు 50 కిలోమీటర్లు, అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఎదురుగా దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకోండి. ఆ కాసింత సేపట్లో బిడ్డను ఒడిలోనే నిలిపి ఉంచాలంటే దాదాపు 140 కిలోల బరువును పట్టి ఆపేంత బలం చేతుల్లో ఉండాలి. ఆ కుదుపు ఎప్పుడొస్తుందో ముందుగా తెలియదు కూడా. ఇంకో రకంగా చూస్తే, ఆ వేగంతో నేలకు తగలాలంటే సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి పడాలి. చేత్తో పట్టుకున్నాను కదా అని మూడో అంతస్తు పిట్టగోడ మీద పసిబిడ్డను ఎవరు కూర్చోబెడతారు?

పైగా పట్టుకున్న మనిషి కూడా ముందుకే విసురుగా పోతుంది. ఆమెకు బెల్టు లేకపోతే ఆమె బరువంతా ముందు సీటుకూ తనకూ మధ్య ఉన్న బిడ్డ మీదే పడుతుంది. ఒకే బెల్టు ఇద్దరికీ కలిపి చుట్టినా ఇంతే, నలిగేది మధ్యలో ఉన్న పసిదే. ఇక ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఎయిర్‌బ్యాగ్ ఉంది. పెద్దవాళ్ల ఛాతీని కాపాడటానికి పేలుడులా తెరుచుకునే ఆ సంచి బిడ్డ తలకు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

ఒడి మీద నమ్మకం మన ఒక్కళ్లదే అనుకోకండి. అమెరికాలో పిల్లల్ని కారులో ప్రత్యేక సీటులోనే కూర్చోబెట్టాలని మొదట చట్టం చేసిన రాష్ట్రం టెనెసీ. 1977లో చేశారు, 1978 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానికోసం పట్టుబట్టి తిరిగిన మనిషి రాబర్ట్ శాండర్స్, పిల్లల డాక్టరు. అయితే ఆ చట్టంలోనే ఒక వెసులుబాటు పెట్టారు. బిడ్డను పెద్దవాళ్లు చేతుల్లో ఎత్తుకుని కూర్చుంటే సీటు అక్కర్లేదని. తల్లి చేతుల్లో ఉన్న బిడ్డకు భయమేమిటని అక్కడి శాసనసభ్యులూ అనుకున్నారు మరి. శాండర్స్ దాన్ని పిల్లల్ని నలిపేసే సవరణ అన్నారు. ఊరుకోలేదు. 1981లో ఆ మినహాయింపును తీయించేదాకా పోరాడారు. 1985 వచ్చేసరికి అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చాయి. ఆయన గురించి చదివాక నాకు గౌరవం కలిగింది. వార్డులో దెబ్బలు తగిలిన పిల్లలకు వైద్యం చేసి ఇంటికి పోవచ్చు. ఆయన అక్కడితో ఆగలేదు, ఆ పిల్లలు అసలు వార్డుకే రాకుండా చూడాలనుకున్నారు.

మా అమ్మాయి నార్త్ కరోలినాలో ఉంటుంది. పురుటికి వెళ్లినప్పుడు చూశాను, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేముందు నర్సు కారు సీటు ఉందా అని అడిగి, బిడ్డను అందులో ఎలా కూర్చోబెట్టాలో దగ్గరుండి చూసుకుంది. ఆ సీటు వెనక్కి తిరిగి ఉంటుంది, బిడ్డ ముఖం కారు వెనక అద్దం వైపు. నాకు మొదట వింతగా తోచింది. కారణం తెలిశాక ఎంత ఆలోచించి చేశారో అర్థమైంది. పుట్టిన బిడ్డ పొడుగులో దాదాపు నాలుగో వంతు తలే. ఆ బరువును మోయాల్సిన మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. ముందుకు తిరిగి కూర్చున్న బిడ్డకు ఒళ్లు పట్టీల దగ్గర ఆగిపోతుంది, తల ఆగదు, ఈడ్పంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడూ ఒకేసారి సీటుకు ఆనుకుంటాయి, దెబ్బ మొత్తం వీపంతా పరుచుకుంటుంది. ఈ ఆలోచన 1960లలో స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆచార్యుడికి వచ్చింది, రోదసిలోకి వెళ్లేవాళ్లు రాకెట్ ఎగిరేటప్పుడు వీపు ఆనించి పడుకునే పద్ధతి చూసి. ఏడాది నిండగానే ముందుకు తిప్పేయాలని లేదు. సీటు మీద రాసిన బరువు, ఎత్తు దాటేదాకా వెనక్కే ఉంచమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018 నుంచి చెబుతోంది.

ఇక పట్టీలు. రెండు భుజాల మీద నుంచి రెండు, నడుముకు అటూ ఇటూ రెండు, కాళ్ల మధ్య నుంచి ఒకటి, అయిదూ ఒకే బకిల్‌లో కలుస్తాయి. పెట్టడం తేలికే, బిగించడంలోనే ఉంది అంతా. మెడ కింద ఎముక దగ్గర పట్టీని రెండు వేళ్లతో నిలువుగా మడిచి పట్టుకోవడానికి చూడాలి. మడత దొరికితే ఇంకా వదులుగా ఉన్నట్టు. వేళ్లు జారిపోతే సరిపోయినట్టు. పిల్లకు ఒరుసుకుంటుందేమోనని మనం కొంచెం వదులు చేస్తాం. వదులుంటే ఏం జరుగుతుందో మనవరాలే చూపించింది, వెళ్తూ వెళ్తూ ఉండగా ఒక చెయ్యి పట్టీ కింద నుంచి బయటికి లాగేసుకుంది. బిగించాక మళ్లీ లాగలేకపోయింది. చలికాలంలో దళసరి కోటు వేసి పట్టీ పెట్టకూడదు, గుద్దుకున్నప్పుడు ఆ దూదంతా అణిగి లోపల వదులు మిగులుతుంది. కోటు తీసి, పట్టీ బిగించి, పైన దుప్పటి కప్పాలి. మన పట్టులంగాలకూ ఇదే వర్తిస్తుంది. కుచ్చిళ్లన్నీ కాళ్ల మధ్య పట్టీ కింద గుట్టపడితే పట్టీ ఒంటికి ఆనదు. పెళ్లికి వెళ్లేటప్పుడు పట్టులంగా సంచిలో పెట్టుకుని, మండపం దగ్గర దిగాక తొడగడం మంచిది.

ఇవన్నీ ఒకసారి నేర్చుకుంటే వచ్చేవే. నేను నిజంగా నేర్చుకున్నదని చెప్పాల్సింది పిల్ల ఏడుపు గురించి.

మన ఇళ్లలో పసిపిల్ల ఏడిస్తే నలుగురూ లేచి వస్తారు. ఎత్తుకోనివాళ్లది రాతిగుండె కిందే లెక్క. అలాంటిది హైవే మీద, అమ్మాయి కారు నడుపుతుంటే, వెనక సీట్లో నా పక్కనే పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. వీపు సీటుకు ఆననివ్వకుండా పైకి లేపి తంటాలు పడుతోంది, ముఖం కందిపోయింది, చేతులు నా వైపే చాచింది. బకిల్ మధ్యలో ఎర్ర మీట నా వేళ్లకు జానెడు దూరంలో ఉంది. "అమ్మా, నీ బాధ నాకు తెలుసు" అంది మా అమ్మాయి, అద్దంలోంచి నన్ను చూస్తూ. "కారు ఆపుతాను గానీ బెల్టు తీయను. ముందు రెస్ట్ ఏరియా ఉంది, అందాకా దానికి ఏదైనా పాడు." పాడాను. అక్కడ ఆపాక పిల్లను బయటికి తీసి, డైపర్ మార్చి, పాలు పట్టి, చెట్ల కింద కాసేపు తిప్పింది. ఏ తొందరా పడలేదు. తర్వాత మళ్లీ సీట్లో పెట్టింది, మళ్లీ ఏడుపు మొదలైంది, మళ్లీ బయల్దేరాం.

ఆ రోజు నాకు తెలిసిన సంగతి ఇది. ఏడుపుకు జవాబు చెప్పాలి, కానీ ఆ జవాబు బెల్టు విప్పడం కానక్కర్లేదు. ఆకలా, తడిసిందా, ఎండ ముఖం మీద పడుతోందా, పట్టీ మెలిపడి గుచ్చుకుంటోందా, అన్నీ చూడాలి. అవసరమైతే కారు ఆపాలి, ప్రయాణం ఆలస్యమైతే కానివ్వాలి. వీటిలో దేనికీ కదులుతున్న కారులో బకిల్ తీయాల్సిన పనిలేదు. ఏడిస్తే ఒకసారి తీసి, ఒకసారి తీయకుండా ఉంటే పిల్ల ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా ఏడ్చి చూస్తుంది, చూడకేం చేస్తుంది? ఎప్పుడూ తీయరని తెలిస్తే కొన్నాళ్లకు సర్దుకుంటుంది. మా పిల్ల సర్దుకుంది. ఇప్పుడు కారెక్కితే తనే పట్టీల్లోకి చేతులు దూర్చి పెడుతుంది.

అమ్మాయి వాళ్లు సెలవులకు వచ్చినప్పుడు సీటు కూడా విమానంలో తెచ్చుకున్నారు. గన్నవరంలో దిగితే తెనాలి వెళ్లడానికి అద్దె కారు వచ్చింది. సీటు బిగిద్దామని చూస్తే వెనక బెల్టు కనిపిస్తోంది గానీ అది దిగాల్సిన బకిల్ లేదు. కొత్త సీటు కవర్ల కింద అణిగిపోయి ఉంది. "వెనకాల ఎవరూ పెట్టుకోరు గదండీ, అందుకని కవరు లోపలికి తోసేశాం" అన్నాడు డ్రైవరు. మంచివాడు, తనే కవరు కొక్కేలు విప్పి, చెయ్యి లోపలికి పెట్టి బకిళ్లు మూడూ పైకి లాగాడు. ఈలోగా మా వియ్యపురాలు చేతులు చాచారు. "వదినగారూ, తెనాలి ఎంత దూరమండీ, పసిదాన్ని అట్లా కట్టిపెట్టడమెందుకు, నా ఒళ్లో ఇవ్వండి" అన్నారు. ఆవిడకు మనవరాలంటే ప్రాణం. మా అమ్మాయి వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఇంటికెళ్లాక రోజంతా మీ ఒళ్లోనే ఉంటుంది అత్తయ్యా, ఈ కాసేపు దీని పక్కన కూర్చోండి" అంది. ఆవిడ చిన్నబుచ్చుకున్నా పక్కనే కూర్చున్నారు. దారి పొడవునా పిల్ల వేలు పట్టుకునే ఉన్నారు.

ఇక్కడిక్కడికే కదా అనే మాట మనల్ని మోసం చేస్తుంది. పైన వేసిన లెక్కలో ఉన్నది 50 కిలోమీటర్ల వేగమే, హైవే వేగం కాదు. ఊళ్లో రోడ్డు మీద, స్కూలుకో గుడికో వెళ్లేటప్పుడు ఎవరైనా అందుకునే వేగం అది. మన దగ్గర చట్టం లేక కాదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 194బి అనే సెక్షన్ చేర్చారు. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా కారు నడిపితే 1000 రూపాయల జరిమానా. బైకు మీద తీసుకెళ్లే పిల్లల గురించి 2022లో నిబంధన తెచ్చారు, 4 ఏళ్లలోపు వాళ్లకు నడిపేవాళ్లతో కలిపి కట్టే పట్టీ, 40 కిలోమీటర్లు మించని వేగం, 9 నెలలు దాటితే హెల్మెట్ కూడా. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో, వెనక సీట్లో బెల్టు లేకుండా ఉండి చనిపోయినప్పుడు దేశమంతా వెనక బెల్టుల గురించే మాట్లాడుకుంది. తర్వాత మర్చిపోయాం. సన్‌రూఫ్‌లోంచి పిల్లల్ని నిలబెట్టి ఊరేగించడం, స్టీరింగ్ దగ్గర ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దుచేయడం ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. చూస్తే నాకు గుండె దడదడలాడుతుంది.

మన ఎండలకు ఇంకో జాగ్రత్త కావాలి. మే నెలలో ఎండలో నిలిపిన కారులో బకిల్ మీది ఇనుము చుర్రుమనేంత కాలుతుంది. పిల్లను కూర్చోబెట్టేముందు చేతి వెనక భాగంతో తాకి చూడాలి. కారు ఆపి దిగేటప్పుడు సీటు మీద తెల్ల తువ్వాలు కప్పితే ఆ వేడి చాలావరకు తగ్గుతుంది. సీట్లో నిద్రపోతోంది కదా అని పిల్లను ఒక్కదాన్నే కారులో వదిలి దుకాణంలోకి వెళ్లడం మాత్రం ఎన్నడూ చేయవద్దు, అయిదు నిమిషాలకైనా సరే.

కొనేవాళ్లకు రెండు మాటలు. వెనక సీటు సందులో వేళ్లు పెట్టి చూస్తే ఇప్పుడు వచ్చే చాలా కార్లలో పిల్లల సీటు తగిలించే ఐసోఫిక్స్ కడ్డీలు తగులుతాయి, వాటికి తగ్గ సీటు కొంటే బిగింపు తప్పే అవకాశం తక్కువ. బెల్టుతో కట్టే సీటైనా, బెల్టు దూరే చోట పట్టుకుని కుదిపితే అంగుళానికి మించి కదలకూడదు. ప్రమాదానికి గురైన కారులోని సీటు ఎంత కొత్తగా కనిపించినా తీసుకోవద్దు, లోపలి చీలిక కంటికి కనిపించదు. వెనక్కి తిరిగే సీటును ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో ఎప్పుడూ పెట్టవద్దు. పిల్ల పట్టీలున్న సీటు దాటి పెరిగినా, పెద్దల బెల్టు మెడకూ పొట్టకూ కాకుండా భుజానికీ తొడ ఎముకకూ ఆనేదాకా కింద ఎత్తుపీట (బూస్టర్ సీటు) కావాలి. ఇది సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా.

మనవలు పుడితే అమ్మమ్మలు, నానమ్మలు బారసాలకు మురుగులు, గొలుసు, వెండి గిన్నె పెడతాం. పెట్టండి, ఎవరి ముచ్చట వాళ్లది. కానీ ఇంట్లో కారుంటే, బంగారం కొట్టుకు వెళ్లేముందు ఆ బిడ్డకు ఒక సీటు కొనండి. పుట్టాక కాదు, ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చే మొదటి ప్రయాణానికే అది కారులో బిగించి ఉండాలి.